మేకు ముడిలోనే ఉండవలెను

మైలపిల్లి దానయ్య చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మేకు ఉంటుంది. బొటనవేలంత పొడవు, ఇనుపది. నలభై ఏళ్ళుగా వేళ్ళ మధ్య నలిగి నలిగి నునుపెక్కింది. గోడకు కొట్టడానికి కాదు, దాన్ని గోడకు కొడతానన్నవాడితో దానయ్య మాట్లాడడు. గుమ్మలోవ జలాశయం ఒడ్డున ఆ మేకు పుణ్యమా అనే అతని ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతోంది.

ఆ మేకు ఎందుకో తెలియాలంటే, దొరలు ఫ్లై ఫిషింగ్ అనే ఈకల గాలం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మామూలు గాలానికి ఎర ఉంటుంది, బరువు ఉంటుంది, పైన తేలే బెండు ఉంటుంది. ఈకల గాలానికి ఈ మూడూ ఉండవు. కొక్కేనికి రెండు ఈకలు చుట్టి పురుగులా కనిపించేట్టు చేస్తారు, అంతే. ఊదితే ఎగిరిపోయే ఆ పురుగును పాతిక గజాలు విసరాలంటే దారానికే బరువుండాలి. అందుకని లైను లావుగా ఉంటుంది. లావు లైను నెత్తిమీద పడితే ఏ చేపైనా జడుసుకుంటుంది కాబట్టి దాని చివర కంటికి ఆనని సన్న తీగ ఒకటి కట్టాలి. దాన్ని లీడరంటారు. ఈ లావుదానికీ ఆ సన్నదానికీ పెళ్ళి చేసే ముడిలో ఉంది విద్యంతా. అది బియ్యపుగింజ కన్నా లావుండకూడదు. గాలం కర్ర, అదే గెడ, పొడుగునా ఉన్న చిన్న చిన్న రింగుల్లోంచి జారిపోవాలి. పెద్ద చేప గుంజినా ఊడకూడదు.

ఈ ముడిని దానయ్యకు నేర్పింది వాల్తేరులో రైల్వే గార్డుగా చేసి, రిటైరయ్యాక గుమ్మలోవ వచ్చి చేపలతో కాలక్షేపం చేసిన హెన్రీ దొర. లావు లైను పక్కన మేకు ఆనించి పెట్టాలి. సన్న తీగను రెండిటి మీదా కలిపి ఆరు చుట్లు చుట్టాలి. తీగ కొసను మేకు పక్కనున్న సందులోంచి దూర్చాలి. అప్పుడు మేకును మెల్లగా లాగేసి, చుట్లు చెదరకుండా బిగించాలి. దొర పోయేముందు తన గెడను చర్చికిచ్చాడు, మేకును దానయ్యకిచ్చాడు. గెడ ఏమైందో ఎవరికీ తెలియదు.

తర్వాత్తర్వాత జలక్రీడల అభివృద్ధి సంస్థ వారు గుమ్మలోవలో ఈకల గాలం కేంద్రం తెరిచారు. పట్నాల నుంచి వచ్చే అతిథులకు లైను సిద్ధం చేసిపెట్టి, చేప ఎక్కడుందో చూపించి, పట్టిన చేపతో ఫోటో తీసి, దాన్ని తిరిగి నీళ్ళలో వదిలే పని దానయ్యది. మేనేజరు లక్ష్మణమూర్తి. సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా ఎవరికీ కోపం రాకుండా చూసుకుంటే చాలనుకునే మంచిమనిషి. పదకొండేళ్ళు అంతా సజావుగా నడిచింది. సజావుగా నడిచే దాన్ని చూస్తే పెద్దాఫీసుకు అనుమానం వస్తుందని వేరే చెప్పాలా?

ఒక ఆషాఢంలో పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. లీడరు అనే మాట ఫైళ్ళలో ఉంటే ప్రజాప్రతినిధులు నొచ్చుకోవచ్చునని దాన్ని ముందే అగ్రసూత్రంగా మార్చేశారు. లైను ప్రధాన సూత్రమైంది. ఉత్తర్వు ఇలా ఉంది: "ప్రధాన సూత్రమునకు అగ్రసూత్రమును అనుసంధానించు ముడి, ఇందు జతపరచిన చిత్రమునకు సర్వవిధముల అనురూపముగా ఉండవలెను. చిత్రమునకు భిన్నమైన ముడి, ముడిగా పరిగణింపబడదు." దానికి ఒకే ఒక పుట జతచేశారు. అందులో మూడు బొమ్మలున్నాయి. మొదటి బొమ్మలో లైను పక్కన మేకు. రెండో బొమ్మలో చుట్లు. మూడో బొమ్మలో చుట్ల సందులోంచి దూరిన తీగ.

ఆ బొమ్మలు చూడగానే దానయ్య గుర్తుపట్టాడు. హెన్రీ దొర దగ్గరున్న పుస్తకంలోవే. మేకు లాగేసే నాలుగో బొమ్మా, బిగించే అయిదో బొమ్మా పుట తిప్పితే వస్తాయి. పెద్దాఫీసులో నకలు తీసినవారు పుట తిప్పలేదు.

ఉత్తర్వు వెనకాలే దాన్ని అమలు చేయించే అధికారీ వచ్చారు. ముడుల ప్రమాణీకరణ విభాగం ఉపసంచాలకులు భమిడి విశ్వపతి గారు. అంతకుముందు తూనికలు కొలతల్లో పనిచేశారు. చేప తినరు, చేప పట్టరు, నీళ్ళ దగ్గరికి వెళ్తే జలుబు చేస్తుందని మఫ్లరు చుట్టుకుంటారు. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. రాసి ఉన్నదాన్ని నమ్మడం తప్ప ఆయనకు ఇంకో దురలవాటు లేదు.

దానయ్య కట్టిన ముడిని ఆయన భూతద్దంతో అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. మూడో బొమ్మ పక్కన పెట్టుకుని మళ్ళీ చూశారు. ఇందులో మేకేదని అడిగారు. తీసేశానని దానయ్య జేబులోంచి చూపించాడు. తీసేయమని ఎక్కడుందని విశ్వపతి గారు అడిగారు.

"బాబూ, ఇల్లు కట్టినప్పుడు పరంజా కడతారు. ఇల్లయిపోనాక ఇప్పెత్తారు. మేకూ అంతేనండి" అన్నాడు దానయ్య.

"ఉత్తర్వులో పరంజా ప్రసక్తి లేదు" అన్నారు విశ్వపతి గారు. "చిత్రంలో మేకు ముడిలో ఉంది. నీ ముడిలో లేదు. కాబట్టి నీది ముడి కాదు."

రెండో పుట ఒకటుందని దానయ్య చెప్పాడు. విశ్వపతి గారు ఓపిగ్గానే విన్నారు. రెండో పుట ఉండవచ్చుననీ, మూడోదీ నాలుగోదీ కూడా ఉండవచ్చుననీ, కానీ ఆమోదం పొందింది మొదటి పుట ఒక్కటేననీ వివరించారు. రెండో పుట కావాలంటే మేనేజరు ద్వారా ప్రతిపాదన పంపుకోవచ్చునన్నారు. లక్ష్మణమూర్తి ఆ పూటే పంపాడు. మొదటి పుటను ఏడాదిపాటు అమలు చేసి, అనుభవ నివేదిక సమర్పించిన తర్వాతే రెండో పుట పరిశీలిస్తామని పది రోజులకు జవాబొచ్చింది.

ఇక ముడి కట్టేవాళ్ళందరికీ పరీక్ష అన్నారు. మూడు అవకాశాలు. మూడింటిలోనూ తప్పినవారు లైను ముట్టుకోరాదు, కేంద్రంలో ఉండరాదు. కేంద్రంలో ముడి కట్టేది దానయ్య ఒక్కడే కాబట్టి అందరూ అంటే దానయ్యే. పరీక్ష పెట్టడానికి మాత్రం నలుగురొచ్చారు. ప్రతి మేకుకీ నంబరు కొట్టి, పెట్టెలో పెట్టి తెచ్చారు.

మొదటిసారి దానయ్య లైను పట్టుకుని మేకు ఆనించాడు, ఆరు చుట్లు చుట్టాడు, కొస దూర్చాడు, మేకు లాగేసి బిగించాడు. నలుగురూ ముఖాలు చూసుకుని తప్పావన్నారు. రెండోసారి తనకు తానే గట్టిగా చెప్పుకుని కూర్చున్నాడు. మేకు తియ్యకూడదు, మేకు తియ్యకూడదు అని జపం చేస్తూనే కట్టాడు. కట్టి చూసుకునేసరికి ముడి బల్లమీదుంది, మేకు చేతిలో ఉంది. నలభై ఏళ్ళుగా వేళ్ళు చేస్తున్న పనికి తలకాయ అడ్డుపడితే వేళ్ళు వింటాయా?

ఆ రాత్రి అన్నం సయించలేదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకో పని ఎక్కడ దొరుకుతుంది? సముద్రం మీదికి పోదామంటే తండ్రి కాలంలోనే సముద్రాన్ని వదిలి ఈ కొండల్లోకి వచ్చేశారు. కానీ దానయ్యను కోస్తున్నది పని పోతుందన్న బెంగ ఒక్కటే కాదు. నిఖార్సయిన ముడి కట్టి తప్పానని, తప్పుడు ముడి కడితేనే నెగ్గుతానని అతనికి ఏడుపొచ్చింది. భార్య నూకరత్నం చేపల పులుసు మళ్ళీ వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"ఉంచీమంటే ఉంచీ. ఆల్ల మేకు, ఆల్ల ముడి. నీదేటి పోద్ది?" అంది.

మూడోసారి దానయ్య ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. చుట్లు చుట్టేటప్పుడూ కొస దూర్చేటప్పుడూ మాత్రం తీసి, దూర్చగానే మళ్ళీ తొడ కింద పెట్టుకున్నాడు. ముడి మూడో బొమ్మలా తయారైంది. అందులో ఏడో నంబరు మేకు అడ్డంగా, నిండుగా, దర్జాగా పడుకుని ఉంది. నలుగురూ చప్పట్లు కొట్టారు. అర్హతపత్రం ఇచ్చారు. దానయ్య దాన్ని మడిచి, ఇంట్లో బియ్యం డబ్బా కింద పెట్టాడు.

కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. మేకున్న ముడి గెడ రింగుల్లోంచి పోదు. అతిథి విసిరితే లైను బారెడు పోయి ఠక్కున ఆగేది. ఈ సంగతి పెద్దాఫీసుకు రాస్తే, లోపం ముడిలో లేదనీ రింగుల్లో ఉందనీ తేల్చి, ఆడవాళ్ళ గాజులంతేసి రింగులున్న గెడలు పంపారు. మేకు రింగులు దాటింది గానీ నీళ్ళలో పడగానే లైనును పట్టుకుని అడుక్కి పోయింది. మేకు మునగకుండా దాని పక్కన ఒక బెండు కట్టమన్నారు. బెండు కట్టాక ఈకల పురుగు దాని వెనకాల ఎక్కడో వేలాడుతూ చేపలకు పురుగులా కనిపించడం మానేసింది. పురుగు సహజంగా లేకపోవడం వల్ల చేపలు ఆకర్షితం కావడంలేదని గ్రహించి, ఈకల స్థానంలో వానపామును వినియోగించవలసిందిగా సవరణ ఉత్తర్వు వచ్చింది.

దానయ్య ఆ గెడను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. బరువుంది, బెండుంది, వానపాముంది. ఏడేళ్ళ వయసులో కాలవ గట్టున తాను వెదురు కర్రతో వేసిన గాలం ఇదే. కాకపోతే అప్పట్లో దానికి ఇన్ని ఉత్తర్వులు అవసరం కాలేదు.

మిగిలింది చప్పుడు. మేకూ బెండూ కలిసి నీళ్ళలో పడితే ధబ్బుమని మోగేది. ఆ చుట్టుపక్కల ఒక్క చేప ఉండేది కాదు. విశ్వపతి గారు దీన్ని కూలంకషంగా అధ్యయనం చేసి, సమస్య చేపలకు అలవాటు లేకపోవడమే అన్నారు. ఆ ప్రకారం రోజూ పది నుంచి పదకొండు గంటల వరకు సిబ్బంది ఒడ్డున వరసగా నిలబడి మేకులను నీళ్ళలో వేస్తూ, తీస్తూ ఉండాలి. లక్ష్మణమూర్తి కూడా ప్యాంటు మడిచి వరసలో నిలబడ్డాడు. జలుబుకు భయపడి విశ్వపతి గారు గొడుగు కింద కూర్చుని లెక్క వేసుకున్నారు. నెల తిరిగేసరికి చేపలు అలవాటు పడ్డాయి. పది కొట్టగానే అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయి, పదకొండు దాటినా తిరిగి రావడం మానేశాయి.

అతిథులూ అంతే. ఏటా విశాఖపట్నం నుంచి వచ్చే డాక్టరు ప్రమీలాదేవి గారొక్కరే మిగిలారు. ఆవిడ గెడను చూసి, బెండును చూసి, దానయ్య ముఖం చూసి, ఈ ఏడాదికి గట్టుమీద కూర్చుని పుస్తకం చదువుకుంటానన్నారు. దానయ్యకు తలకొట్టేసినట్టయింది.

మూడు నెలల నివేదికలో పట్టిన చేపలు అన్న చోట మూడుసార్లు సున్నా పడింది. ఈ కేంద్రం అవసరమా అని పెద్దాఫీసు అడిగింది. ప్రధాన కమిషనరు గారు స్వయంగా వచ్చి చూస్తారనీ, ఆవిడ ఎదుట ఒక్క చేపైనా పడకపోతే గుమ్మలోవ మూసేస్తారనీ కబురొచ్చింది. లక్ష్మణమూర్తి దానయ్యను పక్కకు పిలిచి, నాకైతే ఇంకో ఊరు చూపిస్తారు, నీ సంగతే నాకు దిగులుగా ఉందని చెప్పాడు. ఏ మనిషీ అతనితో అంత ఆప్యాయంగా మాట్లాడి చాలా రోజులైంది. దానయ్య జేబులో మేకును తడుముకున్నాడు.

కమిషనరు గారు వచ్చే రోజు పొద్దున్నే దానయ్య గెడల గదిలో కూర్చున్నాడు. బెండు తీసేశాడు, వానపామును కోడికి వేసి ఈకల పురుగును మళ్ళీ కట్టాడు. హెన్రీ దొర మేకు ఆనించి, ఆరు చుట్లు చుట్టి, కొస దూర్చి, మేకు లాగేసి బిగించాడు. బియ్యపుగింజంత ముడి. చూస్తుంటే కడుపు నిండినట్టయింది. ఆ తర్వాత ఏడో నంబరు మేకును దాని పక్కన పెట్టి, నూకరత్నం కుట్టుపెట్టెలోంచి తెచ్చిన దారపు పోగుతో ఒకే ఒక్క చుట్టు వేసి నిలబెట్టాడు. పైకి మూడో బొమ్మే. విశ్వపతి గారు భూతద్దం పెట్టి చూసి తృప్తిగా తలాడించారు. బెండేదని అడిగారు గానీ, అప్పటికే కారు వచ్చింది.

కమిషనరు గారు ముక్తసరి మనిషి. ఉపన్యాసం వద్దని చెప్పి గెడ అందుకున్నారు. తుంగ పక్కన మూడు కిలోల కొర్రమీను ఒకటి పొద్దెక్కేవేళకు పైకొస్తుందని దానయ్యకు తెలుసు. అటు విసరమని చూపించాడు. ఆవిడ చెయ్యి వెనక్కి ఎత్తి విసిరారు. ఆ విసురుకే దారపు పోగు తెగింది. ఏడో నంబరు మేకు విడిగా ఎగిరి ఎక్కడో పడింది. లైను మెత్తగా పరుచుకుంది. ఈకల పురుగు దూదిపింజలా నీటిమీద వాలింది. ఒక్క క్షణం ఏమీ లేదు. మరుక్షణం నీళ్ళు చీలాయి.

పావుగంట పట్టింది దాన్ని ఒడ్డుకు తేవడానికి. ముడి రింగుల్లోంచి లోపలికి వచ్చింది, బయటికి పోయింది, మళ్ళీ వచ్చింది, ఎక్కడా తట్టుకోలేదు. ఆ ముడి అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ దానయ్య చూపు దానిమీదే ఉంది. ఫోటో తీశారు. చేపను నీళ్ళలో వదిలారు. కమిషనరు గారు మొదటిసారి నవ్వారు. ముడి భలే నిలిచిందయ్యా అన్నారు. దానయ్య నోరు తెరిచేలోగా విశ్వపతి గారు ముందుకొచ్చి, ఇది మేకుసహిత అనుసంధానం సాధించిన ఘనవిజయమని మనవి చేసుకున్నారు. అయితే అన్ని కేంద్రాల్లోనూ పెట్టించండని ఆవిడ అక్కడికక్కడే చెప్పి కారెక్కారు.

గుమ్మలోవ నిలిచింది. దానయ్య కట్టిన మేకులేని ముడి వల్ల, రాష్ట్రమంతా ముడుల్లో మేకులు దిగబోతున్నాయి. ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే. వాడు చెప్పుకోలేడు.

కారు వెళ్ళాక విశ్వపతి గారు ఆ చరిత్రాత్మకమైన ముడిని భద్రపరచాలని భూతద్దం పట్టుకొచ్చారు. చూశారు. మేకు లేదు. మధ్యాహ్నం విశ్వపతి గారితో కలిపి ముగ్గురు విచారణకు కూర్చున్నారు. ముడిలో మేకు లేకుంటే అది ముడి కాదు. ముడి కానిదానితో పట్టింది చేప కాదు. చేప పడలేదంటే కమిషనరు గారు పట్టలేదనాలి. ఆ మాట రాయడానికి ముగ్గురిలో ఒక్కరూ కలం తియ్యలేదు. చివరికి, ముడిలో మేకు ఉండెననీ, విజయానంతరం సిబ్బంది అజాగ్రత్త వల్ల జారిపోయెననీ, సదరు మేకును సాయంత్రంలోగా అప్పగించనిచో దానయ్యను విధుల నుంచి తొలగించవలెననీ తీర్మానించారు.

నీళ్ళలో పడ్డ మేకును ఎవడు తేగలడు? దానయ్య నడుం లోతు నీళ్ళలో రెండు గంటలు దేవులాడాడు. కాళ్ళకు బురద తగిలింది, మేకు తగల్లేదు. అయిదు గంటలకు తడి బట్టలతోనే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. జేబులోంచి హెన్రీ దొర మేకు తీసి బల్లమీద పెట్టాడు. పెట్టాక కూడా వేలు దానిమీదే కాసేపు ఉంది.

"ఇదేనా ఆ మేకు?" అన్నారు విశ్వపతి గారు.

"ఇదేనండి. ముడి కట్టింది దీంతోనే" అన్నాడు దానయ్య. అబద్ధమాడలేదని అతనికొక్కడికే తెలుసు.

నంబరు లేదని ఒకరన్నారు. చేప గుంజుడుకు అరిగిపోయి ఉంటుందని విశ్వపతి గారే సర్దిచెప్పారు. అప్పటికప్పుడు సుత్తీ అచ్చూ తెప్పించి దానిమీద ఏడు కొట్టించారు. ఆ దెబ్బ ఠంగుమన్నప్పుడు దానయ్య కిటికీ వైపు చూశాడు. వారంలోగా ఆఫీసు గోడకు అద్దాల పెట్టె బిగించారు. అందులో ముఖమల్ గుడ్డమీద మేకు పెట్టి, తాళం వేసి, తాళంచెవి పెద్దాఫీసుకు పంపారు. కింద బోర్డు మీద ఇలా రాయించారు: "గుమ్మలోవ విజయమునకు మూలమైన మేకు. తాకరాదు." విశ్వపతి గారికి ప్రమోషన్ వచ్చి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు, నిజాయితీగా అప్పగించావని దానయ్య భుజం తట్టి మరీ వెళ్ళారు.

మరుసటి ఏడు కార్తీకంలో డాక్టరు ప్రమీలాదేవి గారు మళ్ళీ వచ్చారు. పుస్తకం తెచ్చుకున్నారు. దానయ్య అటూ ఇటూ చూసి, రాళ్ళ వెనక దాచిన పాత గెడ తీసి ఆవిడ ముందు పెట్టాడు. నడుముకు దోపుకున్న చీపురు పుల్ల తీసి లైను పక్కన ఆనించాడు. ఆరు చుట్లు చుట్టాడు, కొస దూర్చాడు, పుల్ల లాగేసి బిగించాడు. బియ్యపుగింజంత ముడి. ఆవిడ వేలితో తడిమి చూసి, మేకు లేకుండా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయారు.

"ఆపీసులో సెప్పకండమ్మా" అన్నాడు దానయ్య, పుల్లను మళ్ళీ నడుముకు దోపుకుంటూ. "ఇది కూడా అద్దాల పెట్టెలో ఎట్టేత్తే, రేపు నా ఇంటిది ఇల్లు తుడవడానికి ఆల్లకి అర్జీ ఎట్టుకోవాల."